సీరియల్ రాని మధ్యాహ్నం

మస్కట్‌లో ఉన్న దినేష్‌కూ బాన్సువాడలో ఉన్న గీతకూ మధ్య సముద్రం ఒకటి, సీరియల్ ఒకటి. సముద్రాన్ని ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి ఇద్దరూ సీరియల్‌ని పట్టుకున్నారు.

దినేష్ అక్కడ మేస్త్రీ. మధ్యాహ్నం తిండి వేళకు కంపెనీ పనివాళ్ల క్యాంపు హాల్లో, జగిత్యాల మనిషెవరో పెట్టించిన డిష్ పుణ్యమా అని, తెలుగు చానల్ వస్తుంది. సరిగ్గా అప్పుడే బాన్సువాడ కిరాయి గదిలో గీత కుట్టుమిషను ఆపి అదే సీరియల్ చూస్తుంది. అయిపోగానే దినేష్ ఫోన్. కూతురు సోని గురుకులం హాస్టల్లో, అత్తామామలు తాండాలో. గీతకు రోజు మొత్తమ్మీద మాటలంటే ఈ ఫోనే. మిగతావి జాకెట్ల కొలతలు.

మొగుడూ పెళ్లాలకు ఒక అలవాటుంది. ఇంటి సంగతులూ ఒంటి సంగతులూ లంబాడీలో మాట్లాడుకుంటారు. సీరియల్ సంగతి మాత్రం తెలుగులోనే. తెలుగులో కుట్రలు చేసే అత్తను లంబాడీలో తిడితే ఆమెకు తగలదని దినేష్ వాదన. ఈమధ్య ఫోన్లన్నీ తెలుగులోనే నడుస్తున్నాయి. గీత అది పట్టించుకోలేదు. సీరియల్ అంత మంచి పట్టులో ఉంది మరి.

ఆ బుధవారం కరెంటు పోయింది. వేళకు ఫోన్ మాత్రం వచ్చింది.

"ఇగ ముందు నువ్వు జెప్పు," అన్నాడు దినేష్, రోజూ అన్నట్టే.

"ఇయ్యాల నువ్వే జెప్పాలె, సోని బాపూ. ఈడ కరెంటు లేదు."

అవతల గాలి చప్పుడు.

"ఏమున్నది... అత్త మళ్ల పాలల్ల ఏదో కలిపింది."

"అయ్యో! కోడలు తాగిందా?"

"తాగబోయింది. గంతల్నే పిల్లి అచ్చి గిలాస పడగొట్టింది."

"గంత పెద్ద బంగ్లల పిల్లి ఏడికెంచి అచ్చిందయ్యా?"

"నాకేం ఎరుక? కిటికిల కెంచి. తెల్లపిల్లి."

గీతకు ఆ పిల్లి బాగా నచ్చింది. సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ ఇంటావిడ రాధాకుమారికి చెప్పింది కూడా. రాధాకుమారి పెద్దలు కాలవ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నవాళ్లు. ఆవిడ కింది వాటాలో ఉంటుంది, ఇన్వర్టర్‌తో సహా.

"పిల్లేంటే గీతా? ఇయ్యాల సీరియలే రాలా! మధ్యాహ్నమంతా ఎవడిదో మీటింగు లైవులో చూపెట్టి చంపారు."

"గల్ఫుల వేరే వస్తదేమో అక్కా."

"వేరే ఏంటి నా మొహం! మా మరిది హరనాథబాబు కువైట్‌లో ఉన్నాడుగా. వాడూ ఆ మీటింగే చూసి చచ్చానని మెసేజ్ పెట్టాడు."

గీత బట్టలు మడత పెట్టింది. మడతలు విప్పి మళ్లీ పెట్టింది. ముందుగా తోచింది అందరికీ తోచేదే. కానీ ఇంకో ఆడది దొరికినవాడు తెల్లపిల్లిని పుట్టించేంత కష్టం ఎందుకు పడతాడు?

మర్నాడు సీరియల్ వచ్చింది, ఫోనూ వచ్చింది.

"ముందు నువ్వు జెప్పు."

"జెప్పుడెందుకు, నువ్వు జూడలేదా? అత్త పట్టుచీర కుచ్చిళ్లు దోపుకొని బోళ్లు తోమింది గద."

"అవ్, చూసిన. మస్తు తోమింది."

సీరియల్ మొదలై ఏడేళ్లయింది. ఆ అత్త చేతికి తడి అంటగా తెలుగువాళ్లెవరూ చూడలేదు.

నవ్వాల్సింది. గీతకు నవ్వు రాలేదు. హాల్లో అంత గాలి ఎక్కడిది? నెట్ సరిగా లేదంటూ ఇతను మొహం చూపించక ఎన్నాళ్లయింది? పొద్దున ఏం తిన్నదీ లంబాడీలో చివరిసారి ఎప్పుడు చెప్పాడు? ఎంత వెతికినా ఆమెకు గుర్తు రాలేదు.

అప్పుడు లంబాడీలోకి మారింది. "ఏడున్నవ్? బువ్వ తిన్నవా?"

గాలి హోరు మధ్య దినేష్ కూడా లంబాడీలోనే మెల్లగా మొదలుపెట్టాడు. కంపెనీ పని అయిపోయి క్యాంపు ఖాళీ చేయించారు. రెండు నెలలుగా ఊరికి దూరంగా ఒక షేకు ఖర్జూరపు తోటకు కాపలా. తోడున్న ముసలాయన మాట ఇతనికి తెలియదు, ఇతని మాట ఆయనకు తెలియదు. టీవీ లేదు. సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. రోజూ గడియారం చూసుకొని, సీరియల్ అయ్యే వేళకు ఎక్కుతున్నాడు.

"నువ్వు జెప్పిందాని తోక పట్టుకొని నడిచిన."

"నాతోని అంటే ఏమైతుండె?"

"అంటే నువ్వు రోజు తోట ముచ్చట అడుగుతవ్. గీ తోటల ఏమున్నదే చెప్పనీకి? పొద్దుగాల చెట్లు, పొద్దుమీకి చెట్లు. రెండు రోజులకే మన మాటలు ఒడుస్తుండె."

"వచ్చెయ్ రాదూ ఇంటికి."

"కాయ కోసేదాక షేకు పంపడు."

గీతకు ఫోన్ పెట్టేయడానికి మనసొప్పలేదు. టీవీలో ప్రకటనలు నడుస్తున్నాయి. లేచి వెళ్లి ఫోన్‌ను టీవీ పక్కన, చప్పుడు వచ్చే చోట ఆనించింది.

"గిదేంది?"

"అడ్వటైజ్‌మెంట్లు. ఇంకో సీరియల్ వస్తది. కట్ చెయ్యాల్నా?"

"వద్దు వద్దు. ఉండనియ్."

నిజామాబాద్ బంగారం దుకాణం వచ్చింది. వరి విత్తనాలు వచ్చాయి. బట్టల సబ్బు వచ్చింది. అవతల దినేష్ ఊపిరి కూడా పెద్దగా తీసుకోవడం లేదు. గాలికి సబ్బు పాట సగం కొట్టుకుపోతోందేమోనని గీత సౌండ్ పెంచింది, మళ్లీ పెంచింది.

కింద నుంచి రాధాకుమారి కేక. "గీతా! చెవుడొచ్చిందటే నీకు? మేం మనుషులం కామా?"

ఫోన్‌లో నవ్వు. రెండు నెలల్లో మొదటిది.

"రాధక్కనా? గట్లనే ఉన్నదా నోరు? గీతా, ఇంకో మాట తిట్టిపియ్యరాదూ."

గీత రిమోట్ తీసుకొని సౌండ్ చివరికంటా పెంచింది.