ఎవలకు వచ్చినయ్ పైసలు?

రాజకుమారికి ఎనిమిదేళ్లు. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆమెకు ఒక పని దొరికింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి, గోదావరిఖనిలో గని క్వార్టర్లకు పోయే మలుపు దగ్గర నాయనమ్మ సారవ్వ పక్కన కూర్చుంటుంది. ఆమెను బాపమ్మ అని పిలుస్తుంది. సారవ్వ మక్క కంకులు కాలుస్తుంది. రాజకుమారి అట్టముక్కతో కుంపటి విసురుతుంది. చీకటి పడేవేళ ఇద్దరూ ఇంటికి బయలుదేరేటప్పుడు సారవ్వ కొంగుముడి విప్పి ఐదు రూపాయల బిళ్ల చేతిలో పెడుతుంది. అది కూలి. ఆ బిళ్ల డబ్బులు దాచుకునే మట్టి గల్లగురిగిలో పడి చప్పుడు చేస్తేనే రాజకుమారికి అన్నం సహించేది.

అయితే కంకులు కొనేవాళ్లు "స్కానర్ లేదా అవ్వా?" అని అడిగి, లేదంటే బండి ముందుకు పోనిచ్చేవాళ్లు. ఓపెన్ కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద నీళ్ల ట్యాంకర్ నడిపే సారవ్వ కొడుకు, రాజకుమారి నాయన సంపత్, ఇట్లయితే గిరాకీ పోతుందని ఒక స్టిక్కరూ, మాట్లాడే చిన్న డబ్బా తెచ్చి పెట్టాడు. సారవ్వ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందుకని స్టిక్కరుకు తన నంబరే ఇచ్చాడు.

రెండు రోజులు రాజకుమారికి పండగే. డబ్బాలోని ఆడమనిషి "ఇరవై రూపాయలు అందాయి" అంటే, తనూ అదే గొంతుతో "అందాయి" అనేది. మూడో రోజు నుంచి బిళ్లలు రావడం ఆగిపోయింది.

"బాపమ్మా, నా ఐదు రూపాయలేయి?"

"అందరు ఫోన్లనే కొట్టిరి బిడ్డా. నా తాన చిల్లర లేదు. నీయి గూడ డబ్బాలనే ఉన్నయనుకో."

రాజకుమారి డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ఏమీ కదలలేదు. తిప్పి చూస్తే వెనక ఛార్జింగ్ పెట్టే చిన్న బెజ్జం తప్ప ఇంకేమీ లేదు. అందులో నుంచి బిళ్ల ఎట్లా దూరుతుంది?

పక్కింటి సుమైరాను అడిగింది. ఇద్దరూ మూడో తరగతే.

"అండ్ల ఏముండయ్," అంది సుమైరా తెలిసినదానిలా. "పైసలు టవర్ల ఉంటయ్. మా అబ్బా చెప్పిండు."

"టవర్లకు ఎట్ల పోతయ్?"

"హవాలకెళ్లి. హవా అంటే గాలి."

ఇద్దరూ తలలెత్తి సెల్ టవరు వైపు చూశారు. పైన మబ్బులు కమ్ముకుని ఉన్నాయి.

"మరి వానకు నానయా?"

సుమైరా అది ఆలోచించలేదు. అడిగి వచ్చి చెప్తానని ఇంట్లోకి పోయింది, మళ్లీ రాలేదు.

ఆదివారం పొద్దున గట్టయ్య వచ్చాడు. వారానికి రెండుసార్లు ఊరి నుంచి మోపెడ్ మీద కంకుల బస్తా తెచ్చేది అతనే. సంపత్ డ్యూటీకి పోయాడు, కోడలు రమ కూరగాయలకు పోయింది. గట్టయ్య బస్తా దించబోతుంటే సారవ్వ కొంగుముడి విప్పింది. ఒక వంద నోటు, ఒక పది నోటు. బస్తా ఆరు వందలు. గట్టయ్యకు ఫోనులో డబ్బులు తీసుకోవడం తెలియదు, చేతిలో పెట్టాల్సిందే.

సారవ్వ ముడి మళ్లీ వేసుకుంది.

"ఇయ్యాల వద్దులే తమ్మీ. మోకాళ్లు గుంజుతున్నయ్. కూసోలేను."

"అయ్యో, దవాఖానకు పోరాదె అక్కా," అని గట్టయ్య బస్తా మళ్లీ కట్టుకుని వెళ్లిపోయాడు.

రాజకుమారి బాపమ్మ మోకాళ్ల వైపు చూసింది. ఇంతకుముందే ఆమె నల్లా దగ్గర నుంచి రెండు బిందెలు మోసుకొచ్చింది.

"మోకాళ్లు నొస్తలేవు గదా, ఎందుకట్ల చెప్పినవ్?"

"ఊకో," అంది సారవ్వ.

ఆ రోజంతా సారవ్వ కుంపటి తోముతూనే ఉంది. మధ్యాహ్నానికే అది మెరుస్తోంది, అయినా ఆపలేదు. నిన్న సాయంత్రం డబ్బా ఎన్నిసార్లు "అందాయి" అందో రాజకుమారి వేళ్ల మీద లెక్కపెట్టబోయింది. పది దాటి వేళ్లు అయిపోయాయి. అన్నిసార్లు వస్తే, బాపమ్మ కొంగులో నూట పదే ఎందుకున్నాయి?

సాయంత్రం సంపత్ వచ్చేసరికి తల్లి గడప మీద ఊరికే కూర్చుని ఉంది.

"ఏందే అవ్వా, ఇయ్యాల పోలేదా?"

"మోకాళ్లు రా."

రాజకుమారికి ఆగలేదు. "డాడీ, వచ్చినయ్ వచ్చినయ్ అంటది గదా డబ్బా. ఎవలకు వచ్చినయ్?"

సంపత్ నవ్వాడు. "మనకే."

"మనకంటే బాపమ్మకా?"

"మనింటికి వచ్చినయ్."

"మరి గట్టయ్య కాకకిచ్చెటందుకు బాపమ్మ తాన ఎందుకు లేవు? బస్తా వాపస్ తీస్కపోయిండు."

సంపత్ నవ్వు ఆగింది. బూట్లు విప్పుతున్నవాడు అలాగే కూర్చుని ఫోను తీశాడు. వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు. రోజూ పడిన ఇరవైలు అన్నీ ఉన్నాయి. వాటి మధ్యలోనే పెట్రోలు, రీచార్జి, ఇంట్లోకి తెచ్చిన పాలు. ఐదో తారీఖున బండి కిస్తీ దానంతటదే పట్టుకుపోయింది. చివరికి మిగిలింది ఎనభై నాలుగు. ఏ రూపాయి ఎవరిదో ఫోనులో రాసి లేదు. అతనూ ఎన్నడూ చూసుకోలేదు.

"అడుగొచ్చు గదనే అవ్వా."

"ఏమని అడగాలెరా? నా కంకుల పైసలు నాకియ్యి అని కొడుకును అడుగుతదా ఎవలన్న?"

నాయన బాపమ్మను తిడతాడేమో అనుకుంది రాజకుమారి. లేకపోతే బాపమ్మే నాయనను తిడుతుందనుకుంది. ఇద్దరూ నేల చూస్తున్నారు. తప్పు ఎవరు చేశారో ఆమెకు అర్థం కాలేదు. అడిగినందుకు తనదేనేమో అనిపించి, మెల్లగా లోపలికి పోయి తల్లి వెనక నిలబడింది.

సంపత్ ఒక పూట సెలవు పెట్టి తల్లిని బ్యాంకుకు తీసుకుపోయాడు. గనిలో పనిచేసి పోయిన తాత మీద వచ్చే కొద్దిపాటి పింఛను పడే పుస్తకం ఒకటి సారవ్వకు ఉంది. నాలుగు రోజులు తిరిగితే స్టిక్కరు మారింది. అప్పుడే పడిన పింఛనుతో గట్టయ్య దగ్గర బస్తా కొని మళ్లీ మలుపు దగ్గర కూర్చుంటే, కంకుల డబ్బులు ఆ పుస్తకంలో పడడం మొదలైంది. వారం తర్వాత డబ్బులు తీయడానికి బజారులోని చిన్న దుకాణానికి పోతూ సారవ్వ మనవరాలిని కూడా తీసుకుపోయింది. అక్కడ సారవ్వ ఒక మిషను మీద బొటనవేలు పెట్టింది. దుకాణమాయన నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

"బాపమ్మా, పైసలు నీ బొటనవేల్ల ఉన్నయా?"

దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. మొదట డబ్బాలో అన్నారు, తర్వాత టవరు, తర్వాత నాయన ఫోను, ఇప్పుడు వేలు. ఇంటికి వచ్చాక రాజకుమారి తన బొటనవేలిని గోడకు గట్టిగా నొక్కి కొంచెంసేపు ఆగి చూసింది.

ఆ సాయంత్రమే సారవ్వ ఆమెకు ఆగిపోయిన కూలి అంతా ఇచ్చింది. ఐదు పది రూపాయల నోట్లు, ఒక ఐదు రూపాయల బిళ్ల. గట్టయ్య తెచ్చే తరువాతి బస్తాకు ఆరు వందలు పక్కన పెట్టుకుంది.

అంతా సరిపోయిందనుకున్న సమయానికి కాంట్రాక్టరు ఆ నెల జీతం ఆలస్యం చేశాడు. ఒక పొద్దున సంపత్ డ్యూటీకి తయారై బండి పక్కన నిలబడి, పెట్రోలు ట్యాంకు మూత తీసి లోపలికి చూస్తున్నాడు. సారవ్వ వెళ్లి కొంగుముడి విప్పి ఐదు వందల నోటు అతని జేబులో పెట్టింది. అతను వద్దన్నాడు. ఆమె వినలేదు.

రాజకుమారికి కోపం వచ్చింది. "మళ్ల డాడీకే ఇచ్చినవ్! గట్లయితే బ్యాంకుకు ఎందుకు పోయిన్రు? స్టిక్కర్ ఎందుకు మార్చిన్రు?"

"ఇది నేనిచ్చుడు బిడ్డా. గది ఏరే, ఇది ఏరే."

"ఏం ఏరే? పోయినయ్ గదా!"

"పోయినయ్," అంది సారవ్వ. అంటూనే ఆమె ముఖం విప్పారి ఉంది. కుంపటి తోమిన నాటి ముఖం కాదది. ఎందుకో రాజకుమారికి తెలియలేదు.

తెలుసుకుందామని లోపలికి పరుగెత్తి, పరుపు కింద దాచుకున్న నోట్లలో ఒక పది తెచ్చింది. "ఇగో డాడీ, నేను గూడ ఇస్తున్న."

సంపత్ ఆ నోటును చేతిలోకి తీసుకున్నాడు. బిడ్డ తలమీద చేయి పెట్టి, నోటు మడిచి జేబులో వేసుకుని బండి ఎక్కాడు.

బండి సందు మలుపు తిరిగేదాకా రాజకుమారికి సంబరంగా ఉంది. తిరిగిపోగానే ఆ పది రూపాయలు గుర్తొచ్చాయి. పది అంటే రెండు సాయంత్రాలు, కళ్లలోకి పొగ. నాయన అవి తీసుకోకుండా ఉంటే బాగుండేదని అనిపించింది. తీసుకోకపోతే మాత్రం ఏడ్చేదే.

"మమ్మీ, సాయంత్రం అడిగితే వాపస్ ఇస్తడా?"

"ఇస్తడు," అంది రమ వాకిలి ఊడుస్తూ. "అడుగుతవా?"

రాజకుమారికి అడగాలనీ ఉంది, అడగొద్దనీ ఉంది. బడికి టైమవుతోందని తల్లి రెండోసారి కేకేసేదాకా గడప మీదే నిలబడిపోయింది.