మెట్ల వీధి

హోటల్ గది తలుపు తీస్తూనే "పెద్దమ్మా!" అని పిలిచింది ఉడుత. పలుకు లేదు. స్నానాలగది ఖాళీ. మంచం పక్కన పెద్దమ్మ ఫోను చార్జింగుకి పెట్టి ఉంది. చెప్పులు లేవు, చేతిసంచి లేదు.

ఉడుత వరండాలోకి తొంగి చూసింది. అక్కడా లేదు.

చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఇంట్లో పెట్టిన పేరు అది. ఇప్పుడు చేసేదీ కాలు నిలవని ఉద్యోగమే. ఆస్పత్రుల్లో కొత్తగా పెట్టిన సెలైన్ పంపులు ఎలా వాడాలో ఊరూరా తిరిగి నర్సులకు నేర్పాలి. అయితే ఇన్ని ఊళ్లు తిరిగి ఆమె చూసినవల్లా హోటల్ కర్టెన్లు, కారు అద్దాలు, ఆస్పత్రి వరండాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో, మందుల షాపు దగ్గర్నుంచి హోటల్ దాకా ఒకడు వెనకాలే నడిచాడు. ఏమీ అనలేదు. ఆమె లోపలికి వెళ్లేదాకా గేటు దగ్గర నిలబడి చూశాడు, అంతే. అంతేకదా అంటారని ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత ఏ ఊళ్లోనూ వీధిలో నడవలేదు.

పెద్దమ్మ మాత్రం రోజూ ఫోన్లో "ఇవాళ ఏమేం చూశావే?" అని ప్రాణం తీసేది. గది దాటడం లేదంటే ఇంట్లోవాళ్లు ఉద్యోగం మాన్పించేస్తారు. అందుకని ఉడుత కల్పించి చెప్పేది. కిందటిసారి ఈ ఊరొచ్చినప్పుడు మెట్ల వీధిని కల్పించింది. స్టేషను వెనక రాతిమెట్లు, ఎక్కితే ఊరంతా కనపడుతుంది, పైన ఒక ముసలాయన పావురాలకు గింజలు చల్లుతుంటాడు. ఆ పావురాలాయన పెద్దమ్మకు ఎంత నచ్చాడంటే, ఈసారి మోకాలికి పట్టీ కట్టుకుని మరీ వెంట బయల్దేరింది. "సాయంత్రం తీసుకెళ్తాలే" అని పొద్దున తప్పించుకుంది ఉడుత. తీరా క్లాసు ఆలస్యమైంది.

కిందికి పరిగెత్తి పెద్దమ్మ సంగతి అడిగింది. రిసెప్షన్ అతను నవ్వాడు.

"మీ పెద్దావిడా? మెట్ల వీధికి దారి అడిగారు మేడమ్. మా ఊరు పలకలా చదునుగా ఉంటుంది, మెట్ల వీధి ఎక్కడిదండీ అన్నా. 'నీకు తెలీదులే బాబూ, మా పిల్ల చూసింది' అన్నారు. మెట్లంటే స్టేషను దగ్గర కాలివంతెన ఒక్కటేగా, అదే చూపించా."

"ఎప్పుడు?"

"టీ వేళకే వెళ్లారు."

"కారు పిలవండి."

"అటు రోడ్డు తవ్వేశారు మేడమ్, కార్లు పోవు. నడిస్తే దగ్గరే."

నడిస్తే. ఆ మాటకే ఒక అడుగు వెనక్కి వేసింది. పంపు అలారం మోగితే మిషన్ వంక చూస్తూ నిలబడొద్దు, ముందు మనిషిని చూడండి అని ఇందాకే నర్సులకు గట్టిగా చెప్పొచ్చింది. ఆ మాటే తనకు తాను చెప్పుకుని గాజు తలుపు తోసుకుని వీధిలోకి వచ్చింది.

చీకటి పడుతోంది. దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. తవ్విన గోతుల మీద చెక్కపలకలు పరిచారు. వాటి మీద కాలు పెట్టగానే వెనక ఇంకెవరో కాలు పెట్టిన చప్పుడైంది. ఆగింది. చప్పుడూ ఆగింది. తల తిప్పలేకపోయింది. పరిగెత్తుదామంటే గోతులు. వెనక్కి చూడకుండా ముందుకే అడుగులు వేసింది. పెద్దమ్మ ఎక్కడైనా పడిపోయి ఉంటే? ఎవడైనా సంచి లాక్కుని తోసేసి ఉంటే? లేని చోటికి తనే కదా పంపింది!

వంతెన పై మెట్టు మీద, కమ్మీ పట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది పెద్దమ్మ.

"వచ్చావుటే తల్లీ!" ఆమె ఉడుత చెయ్యి అందుకుంది. "ఎక్కడం ఎక్కేశా. దిగబోతే మోకాలు మొరాయించింది. పోయేవాళ్లు చూస్తారే గానీ ఒక్కడూ ఆగడే! ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నా."

ఉడుత ఆమె పక్కన కూలబడి ఏడ్చేసింది. "మెట్ల వీధి లేదు పెద్దమ్మా. నేను ఏ ఊళ్లోనూ గది దాటలేదు. భయం. వెనకాల ఎవరో నడుస్తుంటారు."

పెద్దమ్మ పైటచెంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"అయితే పావురాలాయన కూడా లేడా?"

"లేడు."

"నీ అబద్ధాలు తగలెయ్య! ఆయనకిద్దామని గింజలు కొన్నానే." సంచి తెరిచి పొట్లం చూపించింది. "సరే, ముందు నన్ను దింపు. తిట్లు గదికెళ్లాక."

ఒక్కో మెట్టూ దిగారు. కింద పలకల దగ్గరికొచ్చేసరికి వెనక మళ్లీ అడుగుల చప్పుడు. ఉడుత కొయ్యబారిపోయింది. పెద్దమ్మే పూర్తిగా వెనక్కి తిరిగింది.

"ఏం నాయనా, ముందుకు పోతావా? ఈ రెండో చెయ్యి పట్టుకుని నడిపిస్తావా?"

ఒక ఆకారం ఆగింది. తల వంచుకుని, పక్కనుంచి గబగబా దాటి పోయింది. వాడెవడో, దేనికొచ్చాడో తెలియలేదు.

ఉడుత తన చెయ్యి వణుకుతోందనుకుంది. చూస్తే పెద్దమ్మ చెయ్యి.

"నీకూ భయమేనా?"

"లేకేం? ఆగకు, నడు."

పలకల మీద ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడిచారు. అడుగడుక్కీ సంచిలో గింజల పొట్లం గలగలమంటూనే ఉంది.