తెల్లచొక్కా పనికిరాని ఆట

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆయన్ని అందరూ అద్దాలాయన అనే పిలిచేవాళ్లు. భార్య పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆయన నోటినుంచి వచ్చిన మాటలన్నీ మూటగడితే అందులో ముప్పాతిక వంతు కళ్లజోళ్ల నంబర్లే ఉంటాయి. మైనస్ రెండు, ప్లస్ ఒకటిన్నర, ఎడమకన్ను కాస్త తేడా. ఇంటికొచ్చాక ఆ నంబర్లు కూడా ఉండవు. కుళాయి కారుతుంటే "ఉండవే, వస్తున్నా" అని దాంతో మాట్లాడేవాడు. అన్నాక తనకే సిగ్గేసి, పక్కింటివాళ్లు విన్నారేమోనని కిటికీ మూసేవాడు.

చెల్లెలు వారం వారం ఫోన్ చేసి తలంటేది.

"అన్నయ్యా, నలుగురిలో పడు. ఇలా గోడలు చూస్తూ కూర్చుంటే నువ్వూ గోడవైపోతావు."

"పడతాలేవే," అనేవాడు. పడేవాడు కాదు.

చివరికి ఆవిడ పోరు పడలేక, గ్రంథాలయం మేడమీద టేబుల్ టెన్నిస్ హాలు ఉందని తెలిసి అక్కడ పేరిచ్చాడు. ఒకప్పుడు ఎర్రమట్టి కోర్టులో పెద్ద టెన్నిస్ ఆడినవాడే. మోకాళ్లు మొరాయించాక మానేశాడు. ఇక్కడ చిన్న బల్ల, చిన్న బ్యాటు, పరుగులు తక్కువ. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని బీరువాలోంచి తెల్లచొక్కా తీశాడు.

ఆ చొక్కా సంగతి చెప్పాలి. పాత టెన్నిస్ క్లబ్బులో తెల్లబట్టలుంటే తప్ప కోర్టులోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. దుకాణాల్లో దొరికే చొక్కాలేమో, సర్వీసుకి చెయ్యి పైకెత్తగానే చంకలో పట్టేసేవి. ఈయన రోజూ సణిగేవాడు. ఆ సణుగుడు భరించలేక భార్య కుట్టుమిషను ముందు కూర్చుంది. అంతకుముందు ఆవిడ దిండుగలీబులు తప్ప ఏదీ కుట్టి ఎరగదు. చంక కింద నాలుగు పలకల గుడ్డముక్క అదనంగా వేసి, చేతులు వదులుగా, వీపు వెడల్పుగా, చెయ్యి ఎంత ఎత్తినా నడుం దగ్గర అంగుళం కూడా లేవని చొక్కా కుట్టింది. ఆయన తొడుక్కుని అద్దంలో చూసుకుని "పర్లేదు" అన్నాడు. అంతే. మెచ్చుకోవడంలో అంత పిసినారి మరి.

మొదటి సాయంత్రం హాల్లో ఆయన కొట్టిన బంతి ఎదుటివాళ్లు ఒక్కటీ సరిగా తియ్యలేకపోయారు. వరసగా పాయింట్లు. ఆరితేరిన చెయ్యి ఎక్కడికి పోతుందిలే అని మీసాల్లో నవ్వుకున్నాడు. అప్పుడొచ్చింది మందులావిడ. కింది వీధిలో మందుల దుకాణం ఆవిడదే, సాయంత్రాలు ఈ హాలు పెత్తనమూ ఆవిడదే.

"మీ ఆటకి వంకపెట్టడం కాదండీ," అంది. "బంతి తెలుపు, మీ చొక్కా తెలుపు. మీ బొజ్జ ముందునుంచి బంతి వస్తుంటే ఎవరికి కనబడుతుంది? ఈ ఆటలో బంతి రంగు చొక్కా వేసుకోకూడదు."

అద్దాలాయన మొహం మాడిపోయింది. జనానికి చూపు సరిచేసి పెట్టే మనిషి, ఇన్నాళ్లకి నలుగురిలోకొచ్చి, వాళ్లకి కనబడకుండా ఆడి గెలిచాడన్నమాట. మందులావిడ క్లబ్బు పెట్టెలోంచి నీలం టీషర్టు ఒకటి తీసిచ్చింది. ఎవరిదో వదిలేసినది. వేసుకుని ఆడాడు, బంతి బ్యాటుకి తగిలితే ఒట్టు. ఇంటికొచ్చాక, భార్యని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేసి తను షికారు తిరిగొచ్చినట్టు మనసు పీకింది. మర్నాటినుంచి వెళ్లడం మానేశాడు.

కొన్నాళ్లకి దుకాణానికి పొడుగు డ్రైవరు వచ్చాడు. సిటీ బస్సు నడుపుతాడు, హాల్లో రోజూ ఆడతాడు, ఏ గుమ్మంలోంచైనా తల వంచుకునే వస్తాడు. కళ్లజోడు వదులైందని చేతికిచ్చాడు గానీ అది శుభ్రంగా బిగుతుగానే ఉంది.

"ఏంటి గురువుగారూ, అలిగారా?"

"అలకేముందయ్యా, మోకాలు."

"మోకాలికి మందులావిడ దగ్గర తైలం ఉందిగా. ఆదివారం పక్క క్లబ్బుతో పోటీ. నా జోడీ ఊరు మారిపోయాడు. మీరు రాకపోతే నేనూ బెంచీ మీదే."

"నాకు ఆట ఎక్కడొచ్చు? ఆ రోజు గెలిపించింది చొక్కా."

"ఎదుటివాళ్లకి కనబడలేదేమో. నేను పక్కన నిలబడి చూశా, నాకు బంతి బాగానే కనబడింది. మీ చెయ్యి మంచిది."

ఎన్నాళ్లకో ఒక మనిషి తనని వెతుక్కుంటూ వచ్చాడు. అద్దాలాయన ఆ కళ్లజోడు ఊరికే తుడిచి చేతికిచ్చాడు. "వస్తాను" అనేశాడు.

అన్నాక పట్టుకుంది అసలు బెంగ. ఆ పరాయి టీషర్టులో వెళ్లలేడు. తెల్లచొక్కాకి రంగెయ్యొచ్చు. కానీ ఒకసారి వేశాక తెలుపు మళ్లీ రాదు. భార్య బట్టలన్నీ చెల్లెలు ఎవరెవరికో ఇచ్చేసింది, గలీబులు ఎప్పుడో చిరిగిపోయాయి. ఆవిడ చేత్తో చేసినది ఇంట్లో ఇదొక్కటే మిగిలింది.

చెల్లెలికి తనే ఫోన్ చేశాడు. ఆవిడ కంగారుపడి "ఒంట్లో బాగానే ఉందా?" అంది. సంగతి విని ఇంకా కంగారుపడింది.

"వదిన కుట్టింది రంగులో ముంచుతావా? పాడైతే?"

"పాడైతే తట్టుకోలేనే."

"అయితే ముంచకు. ఓ మంచి చొక్కా కొనుక్కో."

"కొన్నదాంట్లో చెయ్యి ఆడదు. వెళ్లకపోతేనేమో మళ్లీ కుళాయితో మాట్లాడుకుంటూ కూర్చోవాలి."

కుళాయి సంగతి ఆవిడకి తెలీదు. ముక్కు ఎగబీల్చి "నీ ఇష్టం అన్నయ్యా" అంది.

శనివారం మధ్యాహ్నం బకెట్టులో మరిగే నీళ్లు పోసి, ఉప్పు వేసి, నీలం రంగు పొడి కలిపాడు. చొక్కా నీళ్లలోకి దిగుతుంటే గాలి నిండి చేతులు రెండూ పైకి తేలాయి, పిలుస్తున్నట్టు. చూడలేకపోయాడు. మొహం పక్కకి తిప్పుకుని కర్రతో అదిమాడు. "తప్పదే, కోప్పడకు" అన్నాడు. ఈసారి కిటికీ మూయాలని కూడా తోచలేదు. జాడించి, పిండి, స్నానాలగదిలో ఆరేసి, మళ్లీ అటు తొంగిచూడకుండా పడుకున్నాడు.

పొద్దున్న వెళ్లి చూసేసరికి చొక్కా చక్కటి నీలం. కుట్లు మాత్రం తెల్లగా ఉండిపోయాయి. గుడ్డ నూలుది కాబట్టి రంగు పట్టింది. దారం పాలిస్టరుది, దానికి ఆ రంగు అంటలేదు. తెలుపు మీద తెలుపుగా ఇన్నేళ్లూ కంటికి ఆనని కుట్లన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పని దగ్గర అద్దం మీద గీతలు వెతికినట్టు వెతికాడు. మెడ చుట్టూ కుట్టు బుద్ధిగా ఉంది. భుజం దగ్గర మిషను జారి వంకర పోయింది. కుడి చంక కింద ఆ నాలుగు పలకల ముక్క చుట్టూ ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలు. వేసింది, నచ్చలేదు, పక్కన మళ్లీ వేసింది, అదీ నచ్చలేదు. ఒక మూల మిషనుతో కుదరక సూదితో కుట్టింది. పెద్ద పెద్ద పోగులు. కోపంలో కుట్టినవని చూస్తేనే తెలుస్తోంది. ఎడమవైపుకి వచ్చేసరికి చెయ్యి తిరిగింది, ఒక్కటే వరస.

వెంట్రుకంత గీత ఉన్నా పసిగట్టే కళ్లు ఆయనవి. ఇంత పని తన ఒంటిమీదే ఉంటే చూడలేదు. "ఇంత కష్టపడ్డావుటే! ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాడు. తను అడిగితే కదా చెప్పడానికి. మంచం మీద కూర్చుని, చొక్కా మొహానికి అదుముకుని, ఆవిడ పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

అయినా పోటీకి వెళ్లాడు. ఆ చొక్కాతోనే వెళ్లాడు. పొడుగు డ్రైవరు చూసి "తెల్ల గీతలు భలే ఉన్నాయి, కొత్త ఫ్యాషనా?" అన్నాడు. అద్దాలాయన తల ఊపి బ్యాటు తీసుకున్నాడు. ఆట మాత్రం బాగా సాగింది. జోడీలో వంతులవారీగా కొట్టాలి కదా, డ్రైవరు తన వంతుకి ఎంత దూరం బంతినైనా అందుకున్నాడు, ఈయన తన వంతుకి వల దగ్గరి బంతినైనా తీశాడు. ఇద్దరూ కలిసి ఆఖరి గేముదాకా లాక్కొచ్చారు. ఒక్క పాయింటు మిగిలింది. వలకి ఆనుకుని చిన్న బంతి పడింది. అద్దాలాయన ముందుకి వంగి చక్కగా తోశాడు. కానీ చొక్కా వదులు చెయ్యి వేలాడి వలని రాసుకుంది. అంపైరు చెయ్యెత్తాడు. ఒంటిమీది బట్ట వలకి తగిలినా పాయింటు ఎదుటివాళ్లదే. పోటీ పోయింది.

"అయ్యో, ఇది నా వల్లే," అన్నాడు అద్దాలాయన.

"ఊరుకోండి గురువుగారూ, మీరు లేకపోతే అక్కడిదాకా వచ్చేవాళ్లమా?"

మందులావిడ దగ్గరికొచ్చి చొక్కా చెయ్యి పట్టుకుని చూసింది. "ఇది పెద్ద టెన్నిస్ చొక్కా అండీ. ఈ ఆటలో చెయ్యి అంత పైకి ఎవరెత్తుతారు? చంక కింద ఈ ముక్క తీసేసి కుదిస్తే సరి. ఇలా ఇవ్వండి, రేపటికి కుట్టించి పెడతా."

"వద్దండీ," అన్నాడాయన గబుక్కున. "ఆ కుట్లు మా ఆవిడవి."

హాల్లో ఆయన భార్య మాట ఎత్తడం అదే మొదలు. ఆవిడ లేదన్న సంగతి కూడా అక్కడ ఎవరికీ తెలీదు. అదీ చెప్పాడు. మందులావిడ చెయ్యి వదిలేసింది.

"ఏవీ, చూపించండి," అన్నాడు డ్రైవరు.

అద్దాలాయన చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. అంత పొడుగు మనిషీ నడుం వంచి చంక కిందికి తలపెట్టి చూశాడు. మందులావిడ కళ్లజోడు పెట్టుకుంది. ఇదిగో ఇక్కడ మూడుసార్లు వేసింది, ఇక్కడ కోపమొచ్చి సూది పట్టుకుంది, ఇటు చూడండి, ఇటు చెయ్యి తిరిగిపోయింది, అని అద్దాలాయన వేలు పెట్టి చూపించాడు.

"ఎంత ఓపికండీ ఆవిడకి!" అంది మందులావిడ.

"ఓపికా! ముక్కుమీదే ఉండేది కోపం," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. చెయ్యి నొప్పెడుతున్నా ఆయన దించలేదు. మాటలు వస్తూనే ఉన్నాయి, ఏడాదిగా లోపల ఆగినవన్నీ.

"వచ్చే వారం చొక్కా చేతి మీద రబ్బరు పట్టీ వేసుకుని ఆడండి, అప్పుడు వలకి తగలదు," అన్నాడు డ్రైవరు, మెట్ల దగ్గర విడిపోతూ.

వీధిలోకొచ్చాక అద్దాలాయన నడక జోరందుకుంది. ఓడిపోయిన సంగతి, చెయ్యి పైకెత్తి హాలు మధ్యలో నిలబడ్డ సంగతి, అంత పెద్ద డ్రైవరు వంగి కుట్లు చూసిన సంగతి, ఇంటి గుమ్మంలోనే మొదలుపెట్టి భార్యకి చెప్పెయ్యాలని గబగబా నడిచాడు. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు. సందు మలుపులో గుర్తొచ్చింది. అక్కడినుంచి నెమ్మదిగా వెళ్లాడు.