ఎబినేజర్ తాత చెయ్యి

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రెబెకాకు ఉద్యోగం రాకముందే వాళ్లమ్మ మగ్దలేనమ్మ లడ్డూలు చుట్టింది. ఇందులో ఆమె తప్పు పెద్దగా లేదు. హుజూరాబాద్‌లో వాళ్ల సంఘంలో గట్టి విశ్వాసులు పని కాకముందే దేవుడికి స్తోత్రం చెల్లిస్తారు. పిల్లలు పాస్ కాకముందే, సంబంధం కుదరకముందే, బోరులో నీళ్లు పడకముందే. నీళ్లు పడని బోర్ల సంగతి తర్వాత ఎవరూ ఎత్తరు.

నర్సుగా కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయిన కొద్దిరోజులకే కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు రెబెకాను పిలిచారు. మాటలు బాగానే జరిగాయి. "ఒక్కరోజు వార్డుల పనిచేసి చూపియ్యమ్మా. మంచిగుంటే రేపటి సంది డ్యూటీ" అంది హెడ్ నర్సు మంజుల. పిల్ల ఫోన్లో ఆ మాట పూర్తిగా చెప్పిందో లేదో, బడిలో మధ్యాహ్న భోజనం వండే మగ్దలేనమ్మ గరిటె పక్కన పెట్టి పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసింది. "ఆదివారం సంఘం ముంగట మా బిడ్డ సాక్ష్యం చెప్తది, దేవుడు ఉద్యోగం ఇచ్చినందుకు."

పని చూపించాల్సిన రోజు వార్డులో మొదటి మంచం మీదున్నది ఎబినేజర్ తాత. వాళ్ల చర్చిలో గంట కొట్టే మనిషి. రెబెకా చూడగానే గుర్తుపట్టింది. ఆయన జ్వరంలో ఉన్నాడు. హాస్టల్లో చదువుకుంటూ పెద్దదైపోయిన పిల్లను, అందులోనూ మాస్కులో, గుర్తుపట్టలేదు. "నేను మగ్దలేనమ్మ బిడ్డను తాతా" అనబోయి, సెలైన్ పెట్టాక చెబుదాంలే అనుకుంది.

కాలేజీలో ఆమె సూది నేర్చుకున్నది రబ్బరు చేతి మీద. రబ్బరు చెయ్యి ఏనాడూ అబ్బా అనలేదు. దాని నరం పక్కకు జారలేదు. ఆసుపత్రికి తీసుకుపోయిన రోజుల్లో కూడా అమ్మాయిలంతా గోడకు ఆనుకుని నిలబడి, నర్సులు చేస్తుంటే చూశారు. అంతకు మించి ఆ కాలేజీ ఎవరినీ కష్టపెట్టలేదు.

మొదటిసారి గుచ్చితే నరం దొరకలేదు. "జర ఓర్చుకో తాతా" అంది. రెండోసారి దొరికి జారిపోయింది. "జర ఓర్చుకో తాతా." మూడోసారికి మోచేతి కింద ఉబ్బింది. ముసలాయన "ప్రభువా!" అని కేకపెట్టాడు. మంజుల పరుగెత్తుకొచ్చి, రెండో చేతికి ఒక్క పోటుతో సెలైన్ ఎక్కించింది. అప్పుడు రెబెకా చేసిన పనల్లా మాస్కును కళ్ల దాకా లాక్కోవడమే. తను ఎవరి బిడ్డో ఇంక చెప్పలేదు.

సాయంత్రం మంజుల మెల్లగానే చెప్పింది. "ఏమనుకోకమ్మా. ఇంక జర నేర్చుకొని రా. గిట్లయితే పేషెంట్లు ఊకుంటరా?"

ఇంటికొచ్చేసరికి బూందీ పాకంలో నానుతోంది. "అవ్వా..." అని తల్లితో మొదలుపెట్టింది. మగ్దలేనమ్మ ఒక లడ్డూ చుట్టి కూతురి నోట్లో కుక్కింది. నోట్లో లడ్డూ ఉన్న మనిషి ఏం చెబుతుంది? తర్వాత ఆదివారం దాకా నోరు ఖాళీగానే ఉంది, అయినా చెప్పలేదు. డ్యూటీ సోమవారం నుంచి అని అవ్వ తనంతట తానే అనుకుని వెలిగిపోతుంటే కాదనలేకపోయింది.

ఆదివారం ప్రార్థన మనవుల వేళ ఎబినేజర్ తాత లేచి నిలబడ్డాడు. చేతికి తువ్వాల చుట్టుకున్నాడు.

"నా చెయ్యి కోసం ప్రార్థన చెయ్యుండ్రి. జ్వరం తగ్గింది గని, దవాఖానల ఎవతో పోరి మూడు పోట్లు పొడిచింది. గొడ్లకు సూదేసేటోడు నయం. గసొంటోళ్లకు సర్టిఫికెట్లు ఎవలిచ్చిండ్రో!"

సంఘమంతా అయ్యో అంది. అందరికంటే గట్టిగా అన్నది మగ్దలేనమ్మ. "మా రెబెకా గాడుంటే గిట్లయితుండెనా" అని పక్కావిడతో కూడా అంది. రెబెకా తల దించుకుని చాప అంచు పీకుతూ కూర్చుంది.

సాక్ష్యానికి అయ్యగారు పేరు పిలిస్తే, అవ్వ వీపు మీద చెయ్యి వేసి లేపింది. "దేవుడు మేలు చేసిండు. అందరికి వందనాలు" అని గొణిగి కూలబడింది రెబెకా. ఆమెన్, ఆమెన్ అన్నారంతా. చచ్చేంత సిగ్గేసింది. ఆ అబద్ధమైనా నిండుగా ఆడలేకపోయింది.

కూడిక అయ్యాక వరండాలో లడ్డూలు పంచుతూ మగ్దలేనమ్మ తాతను పట్టుకుంది. "రా తాతా, ఇటు కూసో. మా బిడ్డ చూస్తది నీ చెయ్యి."

తువ్వాల విప్పితే మోచేతి నుంచి మణికట్టు దాకా నేరేడుపండు రంగు. రెబెకా తడిగుడ్డ మెల్లగా అద్దింది. చురుక్కుమనేసరికి ఆయన చెయ్యి లాక్కోబోయాడు.

"జర ఓర్చుకో తాతా."

మాట జారాక గానీ ఆమెకు తెలియలేదు. ముసలాయన చెయ్యి ఆగిపోయింది. తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత లడ్డూల బేసిన్ పట్టుకుని మురిసిపోతున్న మగ్దలేనమ్మను చూశాడు.

"మంచిగనే చూస్తుంది నీ బిడ్డ" అన్నాడు.

తిట్టినా బాగుండేది. భూమి నోరు తెరిస్తే అందులోకి దిగిపోవాలనిపించింది రెబెకాకు. ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు మళ్ల సూదికి రమ్మన్నరు బిడ్డా. గాడ నువ్వే ఉంటవా?"

అందులో ఎకసెక్కం లేదు. ఉత్త భయం. ఆ భయానికి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"ఉండ తాతా. నన్ను తీసుకోలే. నీ చెయ్యి గిట్ల చేసింది నేనే. నిన్ను గుర్తువట్టిన, అయినా చెప్పలే."

మగ్దలేనమ్మ వింది. బేసిన్‌లో సగం లడ్డూలు అయిపోయాయి. గేటు దగ్గర ఎవరో ఇంకా నములుతూనే ఉన్నారు.

"మరి గివి?" అంది, బేసిన్ వంక చూస్తూ.



"నాకింకా ఇయ్యనేలే" అని తాత ఆ నల్లబడ్డ చెయ్యే చాచాడు.

మగ్దలేనమ్మ ఆ చేతిని చాలాసేపు చూసి, లడ్డూ పెట్టింది. వాపుకు ఆయన వేళ్లు ముడుచుకోలేదు. లడ్డూ జారిపోకుండా రెబెకా కింద తన చెయ్యి పట్టింది. తలెత్తి అవ్వ మొహం చూడటానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు.