డబ్బాలో మోడల్ పరీక్ష

మా ఆయన మునిరత్నం చిత్తూరులో లెక్కల మాస్టరు. కిడ్నీలో రాళ్లకు రెండుసార్లు ఆపరేషనయింది. మూడోది తప్పాలంటే రాళ్లెందుకు పుడుతున్నాయో తేలాలని, తిరుపతి డాక్టరు ఇరవైనాలుగు గంటల మూత్రపరీక్ష రాశారు. అందులో రాళ్లు కట్టే ఆక్సలేట్ ఎంత పోతోందో చూస్తారట. ల్యాబులో అఖ్సా అనే అమ్మాయి ఐదు లీటర్ల డబ్బా చేతికిచ్చింది.

"లోపల యాసిడ్ ఉండాది, జాగ్రత్త. పొద్దున మొదటిది పారబోసి, ఆడ్నించి మర్నాడు అదే టైము దాకా సుక్క పోకుండా పట్టండి. తిండి మాత్రం రోజూ తినేదే తినాల."

ఆ చివరి మాట ఆయనతో ఇంటిదాకా రాలేదు, దారిలోనే బస్సు దిగిపోయింది.

"పరీక్షంటే పత్తెం ఉండాల్సిందే. చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి ముట్టొద్దు. అరటిదూట రసం తాగు నాయనా," అంది మా అత్త చంద్రకాంతమ్మ.

"అట్లయితే రిపోర్టు అబద్ధం చెప్తుంది అత్తా."

"ఇంతవరకూ ఏ పరీక్షా తప్పలేదు నేను. ఈ వయసులో తప్పమంటావా?" అన్నారు మాస్టరుగారు.

"తప్పండి. అప్పుడే గదా రోగం తెలిసేది."

"బీఎస్సీ సదివినోళ్లంతా డాక్టర్లు కారులే," అంది అత్త.

ఇక వాదించలేదు. శనివారం ఆయనతో మెల్లగా అన్నాను: "అసలు పరీక్ష వచ్చే ఆదివారం. రేపు ఊరికే మోడల్ పరీక్ష. డబ్బా పట్టేది అలవాటు గావాల గదా."

మోడల్ పరీక్షకు చదివినవాణ్ణి ఆయన తన సర్వీసులోనే చూడలేదు. ఆదివారం సంగట్లోకి ఊరుబిండి ఎప్పటిలాగే రెండుసార్లు వేయించుకున్నారు. సోమవారం ఆయన బడికెళ్లగానే డబ్బా సంచీలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను.

"నెయ్యా అమ్మా?" అంది పక్క సీటావిడ.

"కాదు, మా ఇంటాయన పరీక్ష పేపరు."

నలభై అయిదు దాటకూడని ఆక్సలేట్ ఎనభై ఒకటి వచ్చింది.

"మోడల్ పేపరు దిద్దించేవోళ్లు యాడన్నా ఉంటారా?" అన్నారు ఆయన, రిపోర్టు నా ముందు పెట్టి.

డాక్టరు మాత్రం సంతోషించారు. "కారణం దొరికింది. చెనిక్కాయలు బాగా తగ్గించి, పెరుగుతో తినండి. నీళ్లు బాగా తాగండి. ఇంత సక్రమంగా పట్టించిందెవరు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "మా ఇంటామె. బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు."

నా క్లాసు ఆయనకు గుర్తుందని నాకు పద్దెనిమిదేళ్లుగా తెలియదు.

మూడు నెలలకు ముప్ఫై తొమ్మిదికి దిగింది. స్కానులో కొత్త రాయి లేదు. డాక్టరు ఆపరేషన్ మాటే ఎత్తలేదు. ఆ రిపోర్టు స్టాఫ్ రూములో అందరి చేతుల్లోనూ తిరిగిందట. మరుసటి ఆదివారం వాళ్ల సైన్సు మాస్టరు వెంకటరమణ ఇంటికొచ్చాడు.

"మా తమ్మునికీ రాయుండాది మేడం. డబ్బా ఎట్ల పట్టాలో జెప్తారా?"

"రాసుకోండి," అన్నాను.

కాగితమూ పెన్నూ మా ఆయనే తెచ్చి ఇచ్చారు.