చంద్రరావు పేరు పెట్టిన గేటు

"వాళ్ళు ఆ స్తంభాలకి రంగు వేసేస్తారే ప్రసన్నా. నా మనసుకి తోస్తూనే ఉంది," అన్నాను.

మా కోడలు ప్రసన్నకుమారి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "మీ మనసుకి ఏది తోచలేదు గనక అత్తయ్యా? మబ్బు పట్టిందంటే పిడుగు మనింటి మీదే అంటారు."

మా అబ్బాయి చంద్రరావు పోయి ఏడాది కావస్తోంది. నిడదవోలుకి బస్సులో గంట దూరం మా ఊరు. ఇక్కడి మునిసిపాలిటీలోనే పార్కు సూపర్‌వైజరుగా పన్నెండేళ్ళు చేశాడు. పొదల్లోకి వెళ్తే పాము కరుస్తుందని, నిచ్చెన ఎక్కితే పడతాడని భయపడ్డాను గాని, పచ్చకామెర్ల మాట నాకెప్పుడూ తోచలేదు.

పార్కు గేటుకి నాలుగు రాతి స్తంభాలున్నాయి. ఏ కాలపు మండపానివో. పండగ పండగకీ సున్నం కొట్టి కొట్టి ఉప్పు దిమ్మల్లా చేశారు. డ్యూటీ అయ్యాక వాడు కొబ్బరిపీచూ వెదురుపుల్లా పట్టుకుని ఆరేళ్ళు ఆ సున్నం వదిలించాడు. ఇనుము తగలనిచ్చేవాడు కాదు. లోపల పాత అక్షరాలు బయటపడ్డాయి. "ఆ రాళ్ళేమన్నా నీకు అన్నం వండి పెడతాయిరా?" అనేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. అవి చదివే వాళ్ళ కోసం హైదరాబాదులోని శాసనాల ఆఫీసుకి ఎన్ని ఉత్తరాలు రాశాడో. వానలు వెలిశాక వచ్చి కాగితం మీద అచ్చు తీసుకుంటామని వాళ్ళ జవాబు ఈ మధ్యే వచ్చింది. చదువుకోవడానికి వాడు లేడు.

కిందటి ఆదివారం కౌన్సిలరు లోవరాజు గారు డజను అరటిపళ్ళతో ఇంటికి వచ్చారు. వాడంటే ఆయనకి నిజంగా ప్రాణం. ఆస్పత్రిలో మూడు రోజులు మాతోనే ఉన్నారు.

"పిన్నిగారూ, సంవత్సరీకం నాటికి పార్కు గేటుకి మనోడి పేరు పెట్టేద్దామండి. స్తంభాలకి మంచి ఆయిల్ పెయింటు వేయిస్తాను. ఏవంటారు?"

వద్దనే మాట నోటిదాకా వచ్చింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి, చేతిలో పళ్ళు, కళ్ళలో నీళ్ళు. "మీ ఇష్టమండి," అన్నాను. ఇష్టం లేనప్పుడు మా వైపు అనే మాట అదే. ఆయనా ఈ వైపు మనిషే గదా, గ్రహిస్తారనుకున్నాను.

"ఇక్కడ కూర్చుని భయపడేకన్నా వెళ్ళి వద్దని చెప్పేయండి," అంది కోడలు. చెప్పులేసుకుని పార్కుకి బయల్దేరాను.

పెయింటరు అబ్బులు నిచ్చెన మీద ఉన్నాడు. మూడు స్తంభాలు తెల్లగా, తడితడిగా మెరుస్తున్నాయి. నాలుగోదానికి పైన కాస్త వేసి ఉంది.

"ఏంటి అబ్బులూ ఇది?"

"ఆయ్, రండమ్మగారూ. చంద్రరావు గారే ఉంటే ఈ బ్రష్షు నా నెత్తి మీద ఇరగ్గొట్టేవారండి."

"మరి ఎందుకు వేస్తున్నావు?"

"తమరే ఒప్పుకున్నారంట గదండీ."

మొదటి స్తంభం మీద వేలు పెట్టి చూశాను. వాడు పుల్లతో తెరిచిన గీతలన్నీ రంగుతో నిండిపోయాయి. చెంగుతో తుడవబోతే ఇంకా లోపలికి పోయింది.

నన్ను చూసి లోవరాజు గారు ఎదురుగా ఉన్న టీ కొట్లోంచి వచ్చారు. ఈసారి దాచుకోకుండా చెప్పేశాను. "వద్దనడానికి మొహమాటపడి ఆ రోజు అలా అన్నాను బాబూ. రాయి రాయిలా ఉండాలనేగా వాడి తాపత్రయమంతా. ఆ నాలుగోదైనా వదిలేయించండి. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకి ఒక్కటైనా మిగులుతుంది."

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకుని ఒక్కో స్తంభం దగ్గరికీ వెళ్ళి చూసి వచ్చారు. అబ్బులు బ్రష్షు డబ్బాలో పెట్టి కాచుకున్నాడు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను.

"మూడింటికి వేసి ఒకదానికి మానేస్తే," అన్నారు చివరికి, నా వైపు చూడకుండా, "చంద్రరావు గేటు సగంలో వదిలేశారంటారండి జనం."