వంకర తీసిన మేకు

నేను ఒక మేకును. రెండున్నర అంగుళాల ఇనప మేకును. నడుము దగ్గర చిన్న వంకర ఉండేది, ఇప్పుడు లేదు. అది ఎలా వచ్చిందో, ఎవరు తీశారో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలూ. మేకు మాట్లాడటమేమిటని నవ్వుకోకండి. మీరు నన్ను మీ మాటల్లో చాలానే వాడుకున్నారు, ఒక్కసారి నా మాటా వినండి.

ముందు ఒక ఫిర్యాదు. 'ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు' అని మీకో సామెత ఉంది. దూదిఏకులా మెత్తగా వచ్చినవాడు చివరికి మేకులా దిగబడ్డాడని దెప్పడం. ఏకు అంత మంచిదీ నేనింత చెడ్డదాన్నీ అయితే మీ తలుపులు ఏకులతోనే బిగించుకోలేకపోయారా? నేను కదలకుండా కూర్చుంటేనే కదా మీ గుమ్మం నిలబడేది. సరే, పోనివ్వండి. ఆ సామెతతో నాకు తర్వాత చాలా పని పడింది.

తీగల కార్ఖానాలో పుట్టాను. యంత్రం తీగను తుంచి, ఒక కొసను అణిచి తల చేసింది, రెండో కొసను చిదిమి మొన చేసింది. తల దెబ్బలు తినడానికి, మొన దారి చేసుకోవడానికి. అంతకు మించిన చదువు మాకు లేదు. గోనెసంచిలో పడి, ఒక చిన్న ఊరి బజారులో వీరభద్రం గారి ఇనప కొట్టుకి చేరాను. ఆయన ఎక్కడినుంచో బతకడానికి వచ్చిన మనిషి. ముందు తోపుడుబండి మీద తాళాలు, గొళ్లేలు అమ్మి, తర్వాత కొట్టు పెట్టారు. పెళ్లిపందిళ్లకీ, కోళ్లగూళ్లకీ, బడి బెంచీలకీ ఆ ఊరంతటికీ మేకులు వెళ్లింది అక్కడినుంచే. నా వంతు ఎప్పుడొస్తుందా అని నేనూ ఎదురుచూశాను. ఏ పాప ఊయలకో తగిలితే బాగుండుననుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఒక యువకుడు వచ్చాడు. మాసిన చొక్కా, మర్యాదైన మాట. రెండు కిలోలు కట్టమన్నాడు. వీరభద్రం గారు ఎందుకని అడగలేదు. ఉప్పు కొనేవాణ్ని ఎందుకని ఎవరడుగుతారు?

నేను వెళ్లింది ఊయల దగ్గరికి కాదు. తలుపులు మూసిన ఒక గదికి. అక్కడ కొన్నాళ్లున్నాను, అక్కడి మాటలు విన్నాను. ఆ యువకుడి తండ్రి పొలం ఎవరో లాగేసుకున్నారట. ఏ ఆఫీసుకి వెళ్లినా వీణ్ని మనిషిగా చూడలేదట. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ గదికి రోజూ ఒక తియ్యటి గొంతు మనిషి వచ్చేవాడు. 'నీ కష్టానికి కారణం ఫలానావాళ్లు' అని రోజుకింత నూరిపోసేవాడు. ఆ ఫలానావాళ్లలో వీడి పొలం లాక్కున్నవాళ్లు ఒక్కరూ లేరు. అందులో ఉన్నది బస్సు కోసం నిలబడే జనం. దుఃఖం ఏకులా వచ్చి వాడి లోపల మేకై కూర్చోవడం నేను కళ్లారా చూశాను. చివరికి మమ్మల్ని ఒక డబ్బాలో కుక్కారు. దాన్ని మోసుకెళ్లింది ఆ యువకుడు. తియ్యటి గొంతు మనిషికి ఆ రోజు వేరే ఊళ్లో పని పడింది.

పట్నం బస్టాండులో ఏం జరిగిందో వర్ణించను. డబ్బా పేలినప్పుడు నా నడుము వంకరపోయింది, నేను ఎటు వెళ్లాలో నన్నెవరూ అడగలేదు, అంతే చెప్పగలను. వెళ్లి పడింది దమయంతి టీచరు కుడి భుజంలో. ఆవిడ వీరభద్రం గారి ఊరి హైస్కూల్లోనే సాంఘిక శాస్త్రం చెబుతారు. ఆ వేళ పేపర్లు దిద్ది తిరిగి వస్తున్నారు.

నరానికి మరీ దగ్గరగా ఉన్నాను కాబట్టి డాక్టర్లు నన్ను వెంటనే కదపలేదు. అలా ఏడాది పైగా ఆవిడ ఒంట్లో అద్దెకున్నాను. అద్దె ఇవ్వకపోగా రాత్రీ పగలూ సలిపాను. ఆవిడ నన్ను తిట్టలేదు. చలికాలం ఉదయాల్లో భుజం మీద అరచెయ్యి వేసుకుని కూర్చునేవారు. ఆ వెచ్చదనం నాకూ తగిలేది. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డు గుమ్మం దగ్గర ఒకసారి తెలిసిన గొంతు వినిపించింది. "ఈ బత్తాయిలు టీచరమ్మగారికి ఇవ్వండమ్మా. ఎవరిచ్చారంటే సెప్పకండి" అంటున్నారు వీరభద్రం గారు నర్సుతో. ఇచ్చేసి వెళ్లిపోయారు. అప్పటికే పట్టుబడ్డవాళ్లు మేకులు ఎక్కడ కొన్నారో చెప్పేశారు. పోలీసులు ఆయన్ని పిలిచి, అడగాల్సినవన్నీ అడిగి, తప్పేమీ లేదని పంపేశారు. పోలీసులు పంపేశారు గానీ ఊరు పంపలేదు. 'ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు' అని బజారులో అనుకున్నారు. కొనేవాళ్లు పక్క ఊరికి పోయారు. ఆయన కూతురు వాసవి తొమ్మిదో తరగతి. ఆ పిల్లని 'బాంబుల కొట్టు' అని పిలవడం మొదలుపెట్టారు. చివరి బెంచీలో ఒక్కతే కూర్చునేది.

నిజం చెప్పాలంటే దమయంతి టీచరు కూడా ఆ కొట్టు వచ్చేసరికి రోడ్డు దాటి అవతలివైపు నడిచేవారు. మనసులో ఆయన మీద కోపం లేదు. కాళ్లకే భయం.

బడికి వచ్చాక ఆవిడ చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. నల్లబల్ల పైసగం ఎప్పుడూ ఖాళీ. పటం తగిలించాలంటే పిల్లల్ని పిలవాలి. అన్ని పాఠాలూ చెప్పారు, ఒక్కటి తప్ప. 'ఉగ్రవాదం: అర్థం, కారణాలు, రకాలు'. ఆ పేజీ వచ్చేసరికి రెండు పేజీలు కలిపి తిప్పేసేవారు. హెడ్మాస్టరుగారు కూడా చూడనట్టే ఊరుకున్నారు.

కోర్టు తీర్పు అయిపోయాక, వేసవిలో నన్ను బయటికి తీశారు. ఇక ఎవరికీ సాక్ష్యంగా అక్కర్లేదు. "పారేయమంటారా?" అని డాక్టరు అడిగితే, "నాకివ్వండి" అన్నారు టీచరుగారు. ఎందుకో అప్పటికి ఆవిడకీ తెలియదు, నన్ను తన చేతిసంచిలో వేసుకున్నారు.

బళ్లు తెరిచిన కొన్నాళ్లకి ఒక ఉదయం ఆఫీసు గది ముందు వీరభద్రం గారు నిలబడి కనిపించారు. కొట్టు ఎత్తేస్తున్నారు. ఊరు వదిలి వెళ్లిపోతున్నారు. వాసవి టీసీ కోసం వచ్చారు. ఆయన నమస్కారం పెట్టి తల దించుకున్నారు. టీచరుగారు ఒక్క క్షణం ఆగి, "నా క్లాసయ్యేదాకా ఉండండి. టీసీ తీసుకోకండి" అని లోపలికి నడిచారు.

ఆ పేజీ తెరిచారు. సంచిలోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేమిటర్రా?"

ముందు బెంచీలోని సింహాద్రి లేచాడు. "బాంబులో ఏసే మేకు టీచర్" అని వెనక్కి, వాసవి వైపు చూశాడు.

"నువ్వు కూర్చున్న బెంచీ కింద చూడు."

వాడు వంగి చూశాడు. తక్కినవాళ్లూ వంగారు. ప్రతి బెంచీలోనూ నా తోడబుట్టినవాళ్లున్నారు, బుద్ధిగా, కదలకుండా.

"ఇవన్నీ వాసవివాళ్ల కొట్టువే. మరి మీరంతా బాంబుల మీద కూర్చున్నారా?"

అప్పుడు పాఠం మొదలైంది. కొట్టినవాణ్ని చూసి కొట్టనివాళ్లందరూ ఒకరినొకరు అనుమానించుకోవాలి, అదే ఉగ్రవాదానికి అర్థం అన్నారు. గాయం కొందరికే, భయం అందరికీ. "నేను ఇన్నాళ్లు ఒక కొట్టు ముందు నడవలేకపోయాను. మీరు ఒక పిల్ల పక్కన కూర్చోలేకపోయారు. వాళ్లు చెయ్యాలనుకున్న పని మనమే పూర్తి చేస్తున్నాం" అన్నారు. కారణాల దగ్గర అన్యాయం, నిరుద్యోగం, అవమానం, ద్వేషం నూరిపోసేవాళ్లు, అన్నీ చెప్పి, కారణం తెలుసుకోవడం వేరు, క్షమించడం వేరు అన్నారు. దెబ్బతిన్నవాళ్లందరూ బాంబులు పెట్టరని తన భుజం చూపించారు. మతం పేరుతో జరిగేది, జాతి పేరుతో జరిగేది, ప్రత్యేక దేశం కోసం, సిద్ధాంతం కోసం, సరిహద్దు అవతలినుంచి, కంప్యూటర్ల మీదనుంచి, ఒక్కోసారి ఏలేవాళ్లే జనాన్ని భయపెట్టి చేసేది, ఇలా రకాలు రాయించారు. నాకు కొట్టు గుర్తొచ్చింది. మా డబ్బాల మీద చీటీలు రకరకాలుగా ఉండేవి, లోపల మొన మాత్రం ఒకటే.

తర్వాత వీరభద్రం గారిని లోపలికి పిలిచారు. అటెండరు సుత్తి తెచ్చాడు.

"ఇక్కడ ఒక మేకు కొట్టిపెట్టండి" అంటూ గోడ మీద తన భుజమంత ఎత్తు చూపించారు టీచరుగారు. నన్ను ఆయన చేతిలో పెట్టారు.

"ఇది వంకరపోయిందండి. కొట్లో బోల్డున్నాయి, కొత్తది తెచ్చేస్తాను."

"ఇదే కావాలండి. నా భుజంలోంచి తీసింది."

ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. "మా కొట్లోదేనండి" అన్నారు.

"మీరు అమ్మినప్పుడు ఇది మేకేనండి, వీరభద్రం గారూ. మళ్లీ మేకుగా చెయ్యండి."

ఆయన గుమ్మం రాతి మీద కూర్చుని, నన్ను పడుకోబెట్టి, సుత్తితో నెమ్మదిగా వంకర తీశారు. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి మధ్యలో రెండుసార్లు ఆగారు. నా బతుకులో తిన్న దెబ్బల్లోకెల్లా హాయైనవి అవే. నన్ను చేసిన యంత్రానికి కూడా అంత రుణపడి లేను. తర్వాత లేచి నన్ను గోడలోకి దించారు. ఊయల దొరకలేదన్న బెంగ ఆ రోజుతో తీరింది.

టీచరుగారు దేశపటం తెచ్చి, ఎవర్నీ పిలవకుండా, తన చేత్తోనే నాకు తగిలించారు. పటానికి నూలుతాడు ఉంది. నూలంటే ఏకే కదా. ఏకు మేకవడం సామెతలో విన్నారు. మేకు మెడలో ఏకు పడటం ఆ తరగతి గదిలో జరిగింది. ఇక మీ సామెత మీద నాకు కోపం లేదు.

మర్నాడు వాసవి చివరి బెంచీలోనే కూర్చుంది. సింహాద్రి తన సంచి తీసుకుని వెళ్లి అదే బెంచీలో, కాస్త ఎడంగా కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు. రబ్బరు అడిగాడు.

టీచరుగారి భుజం ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది. నేను గోడలో ఉన్నా నాకు తెలుస్తుంది, ఆ రోజుల్లో పటం నెమ్మదిగా తగిలిస్తారు. తగిలించాక నా తల మీద ఒకసారి వేలు ఆనించి వెళతారు. నన్ను భరించిన శరీరానికి, పారేయని చేతికి, వంకర తీసిన సుత్తికి దణ్ణం పెట్టుకోవడానికి నాకు చేతులు లేవు. అందుకే కదలకుండా ఉంటాను.

వీరభద్రం గారి కొట్టు తీసే ఉంది. మీకు మేకులు కావాలంటే వెళ్లండి. ఇప్పుడు ఆయనకు ఒక కొత్త అలవాటు, పొట్లం కడుతూ "ఏం కడతన్నారండీ?" అని అడుగుతారు. అనుమానమనుకోకండి, పలకరింపే. ఇల్లో, గూడో, ఊయలో చెప్పండి. సంతోషించి నాలుగు మేకులు ఎక్కువే వేస్తారు.